నూతన సంవత్సర సంకల్పం: నల్లగొండ, పాలమూరు సీమల చరిత్రలో

చైత్ర శుద్ధ పాడ్యమి నాటి ప్రాతఃకాలంలో దేవాలయ మంటపంలో పంచాంగ శ్రవణానికి పూర్వం అర్చకుడు సంకల్పం చెప్పిస్తాడు. యజమాని ఆచమనం చేసి, ప్రాణాయామం ముగించి, అక్షతలు చేత బట్టుకొని వింటాడు. మొదట కాలం వస్తుంది: కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సర నామం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. యుగానికి, సంవత్సర నామానికి నడుమ దేశం: జంబూద్వీపం, భరతవర్షం, కృష్ణా గోదావరుల మధ్యప్రదేశం, శ్రీశైలానికి ఫలానా దిక్కు. తరువాత గోత్రం, నామధేయం. ఇన్ని చెప్పిన పిమ్మటనే చేయదలచిన కర్మ ఉచ్చరింపబడుతుంది.

ఇందులో దిక్కు మాట చిన్నది కాదు. పాలమూరు వాసికి తన ఊరు శ్రీశైలానికి వాయవ్యం. నల్లగొండ వాసికి ఉత్తరం, తూర్పు అంచు గ్రామాల వారికి ఈశాన్యం. అలంపురంలో కూర్చున్నవాడు పశ్చిమం అనవలె. వేరొక సీమ పాఠశాలలో కంఠస్థం చేసిన దిక్కునే జీవితాంతం చెప్పే పురోహితులు లేకపోలేదు. యజమానులకు అది పట్టదు. కాని ఎక్కడ నిలిచి సంకల్పిస్తున్నాడో తెలియనివాడు ఏమి సంకల్పిస్తున్నాడో మాత్రం తెలిసినవాడని ఎట్లు అనగలము?

కొత్త సంవత్సరానికి లక్ష్యాలు నిర్ణయించుకొనే ఆధునిక అభ్యాసం ఈ క్రమాన్ని తలక్రిందులు చేసింది. అందులో కోరిక ముందు వస్తుంది. కాలదేశాలు ఊసులోకే రావు. తాను ఎవడో, ఎవరి వంశంవాడో, ఎవరికి ఋణపడి ఉన్నాడో అసలే రాదు. అందువలననే అట్టి నిర్ణయాలు వైశాఖం రాకముందే వాడిపోతున్నవి. మనస్సు బలహీనమని నిందించుట కంటె క్రమం తప్పిందని గ్రహించుట మేలు.

మనుస్మృతి రెండవ అధ్యాయం కామానికి, యజ్ఞాలకు, వ్రత నియమాలకు సంకల్పమే మూలమని చెప్పుతుంది. ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో సనత్కుమారుడు నారదునికి ఉపదేశిస్తూ నామం కంటె వాక్కును, వాక్కు కంటె మనస్సును, మనస్సు కంటె సంకల్పాన్ని అధికమని నిరూపిస్తాడు. సాధకులు చాలమంది అక్కడితో ఆగి సంకల్పబలాన్ని కీర్తిస్తారు. సనత్కుమారుడు ఆగలేదు. సంకల్పం కంటె చిత్తం అధికమన్నాడు. చిత్తమనగా ముందువెనుకలు ఎరిగిన వివేచన. గీత ఆరవ అధ్యాయం సర్వసంకల్పాలను సన్న్యసించినవానినే యోగారూఢుడంటుంది. ఇది మనువు మాటకు విరుద్ధం కాదు. ఆరోహించదలచిన మునికి కర్మ సాధనం, ఆరూఢుడైనవానికి శమం సాధనం అని ఆ ఘట్టమే విభజించి చూపింది. మెట్టు ఎక్కకముందే మెట్టును త్యజించానని చెప్పుకొనుట హాస్యాస్పదం.

వైదిక సంకల్పంలో మరి రెండు సూక్ష్మాలున్నవి. ఒకటి, అందులో చేరే ‘యథాశక్తి’ అనే పదం. ఉన్న ద్రవ్యంతో, ఉన్న శరీరంతో చేయగలిగినంత అని ముందే ఒప్పుకొనుట. ఇది తప్పించుకొనే దారి కాదు, కొలత. రెండవది క్రియాపదం. తన కొరకు చేసే కర్మలో ‘కరిష్యే’ అని ఆత్మనేపదం. ఫలం ఇతరులకు చెందునప్పుడు ‘కరిష్యామి’ అని పరస్మైపదం. క్రియాఫలం కర్తకు చేరునప్పుడు ఆత్మనేపదం రావలెనని పాణిని సూత్రించినాడు. ఒక్క ప్రత్యయంలో ‘ఈ పని ఎవరి కొరకు?’ అనే ప్రశ్న ఇమిడి ఉన్నది. సంవత్సరారంభంలో నిర్ణయాలు వ్రాసుకొనేవారు ఆ కాగితం మీద తమకు తాము ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకొంటున్నారో వారికే తెలియవలె.

దక్షిణ తెలంగాణ పీఠభూమిలో ఈ సంకల్ప రూపం శిలలకు ఎక్కింది. పానగల్లు, పిల్లలమర్రి, అలంపురం, వర్ధమానపురం మొదలైన క్షేత్రాలలోని దానశాసనాలను చదివినవారికి వాటి కూర్పు పరిచితంగా తోస్తుంది. శకవర్షం, సంవత్సర నామం, మాసం, పక్షం, తిథి, వారం, తరచుగా గ్రహణమో సంక్రమణమో అయిన పుణ్యకాలం. ఆపై దాత వంశం, దాత పేరు. తరువాత దానభూమి, దాని ఎల్లలు, ఏ దేవునికి, ఎవరి పుణ్యార్థం అనే వివరణ. చివర దానాన్ని హరించేవానికి శాపం. నోటితో పలికితే సంకల్పం, రాతిపై చెక్కితే శాసనం. భేదమంతా అంతే. ‘ధారాపూర్వకంగా’ అనే మాట దానికి ముద్ర. నీరు వదలిన తరువాత ఆ భూమిపై దాతకు మమకారం ఉండరాదు.

పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్లు కట్టించిన ఆలయాలున్నవి. వానిలో ఎఱకేశ్వరాలయాన్ని రేచెర్ల బేతిరెడ్డి పత్ని ఎఱకసాని శక సంవత్సరం 1130లో, అనగా క్రీ.శ. 1208లో ప్రతిష్ఠించింది. రాజులే కాదు, సామంతుల ఇండ్ల స్త్రీలు కూడ స్వనామంతో సంకల్పించి నిర్వహించగలిగినారని దీనివలన తెలుస్తుంది. పానగల్లు కందూరు చోడుల రాజధాని. అక్కడి ఛాయాసోమేశ్వరుని గర్భాలయంలో పగలంతా కదలక నిలిచే నీడను చూడడానికి యాత్రికులు గుమికూడుతారు. ఆ ఊరి చెరువును చూచేవారు తక్కువ. దాని పేరు ఉదయసముద్రం. ఉదయచోడుని పేర వెలసిన ఆ తటాకంలో నేటికి నీరు నిలుస్తున్నది, నేటి కాలువల వ్యవస్థలో కూడ అది జలాశయమై పనికి వస్తున్నది. వాన తక్కువైన మెట్ట సీమలో రాజు చేయదగిన సంకల్పం ఏదో ఆ వంశం ఎరిగి ఉన్నది. తమ దేశాన్ని చూచి, ఆ దేశానికి ఏది లేదో గుర్తించి, దానినే కోరినారు. దేశోచ్చారణకు ఇంతకంటె మంచి భాష్యం దొరకదు.

ధర్మశాస్త్ర సంప్రదాయం తటాకాన్ని సప్తసంతానాలలో లెక్కించింది. పుత్రుడు, కావ్యం, దేవాలయం, అగ్రహారం, ఉపవనం, నిక్షేపం తక్కిన ఆరు. ఈ ఏడింటికి ఒక సమాన లక్షణమున్నది. ఏ ఒక్కటీ ఒక సంవత్సరంలో ముగిసేది కాదు, కర్త ఆయుస్సును మించి నిలువవలసినదే. పాలమూరు సీమ నుండే దీనికి చక్కని ఉదాహరణ లభిస్తుంది. వర్ధమానపురం, అనగా నేటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాను, గోన వంశీయుల స్థానం. పదమూడవ శతాబ్దంలో ఆ వంశపు గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠ్ఠలుని పేర ద్విపదలో రామాయణాన్ని రచించినాడు. రంగనాథ రామాయణమని ప్రసిద్ధమైన ఆ కృతిలో యుద్ధకాండ వరకు ఆయనది. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడు, విఠ్ఠలరాజు పూర్తి చేసినారు. సాహిత్య చరిత్రకారులు కర్తృత్వాన్ని గురించి చర్చలు చేసినా, సంప్రదాయం నిలుపుకొన్న కథ ఇది. తండ్రి కొరకు కుమారుడు మొదలిడినది, ఆ కుమారుని కొరకు అతని కుమారులు ముగించినారు. మూడు తరాల నడుమ ఒకే సంకల్పం. పుత్రసంతానం, కావ్యసంతానం ఇక్కడ ఒకదానినొకటి మోసినవి.

ఆధునిక కాలంలో అదే పాలమూరు జిల్లా వాడైన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) చేసినది కూడ ఈ కోవలోనిదే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు శూన్యమన్న ఆక్షేపణకు ఆయన వాదంతో బదులు పలుకలేదు. గ్రామగ్రామానికి ఉత్తరాలు వ్రాసి, పద్యాలు రప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించినాడు. కోపం సంకల్పంగా మారుటకు లెక్క కావలసి వచ్చింది. కోపం మాత్రమే ఉండి ఉంటే ఒక వ్యాసంతో చల్లారేది.

ఇంతవరకు చెప్పినవారందరికి ఒక సౌకర్యమున్నది. వారు తమ సంవత్సరానికి తామే యజమానులు. ఈ సీమలోనే తమ సంవత్సరం తమది కానివారు వేలకొలది ఉండేవారు. తెలంగాణ గ్రామాలలో ఉగాది దేవాలయానికి మాత్రమే కాదు, జీతానికి కూడ ఆది. జీతగాడు ఉగాది నుండి ఉగాది వరకు ఒక కాపు ఇంట కుదురుకొనేవాడు. ఇన్ని ధాన్యం, ఒక గొంగడి, ఒక చెప్పుల జత అని మాట అయ్యేది. తీసుకొన్న అప్పు తీరకపోతే మరుసటి ఉగాదికి కూడ ఆ ఇంటనే. అప్పు తీరేలోగా కొత్త అప్పు. తండ్రి చేసిన బాకీకి కుమారుడు జీతానికి కుదిరేవాడు. భగేలా అని పేరుబడిన ఈ ఋణదాస్యాన్ని నియంత్రించడానికి నిజాం ప్రభుత్వం 1936లో శాసనం చేయవలసి వచ్చినదంటే దాని వ్యాప్తిని ఊహించవచ్చు. దానికి తోడు వెట్టి. గోన వారి ఇంట మూడు తరాల పాటు సాగినది సంకల్పమైతే, ఈ గుడిసెలలో మూడు తరాల పాటు సాగినది బాకీ. పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివేటప్పుడు ఆ జీతగాడు ఆలయ ప్రాకారానికి వెలుపల ఉండేవాడు. అతని గోత్రం ఎవరూ అడుగలేదు. అతని పేరుతో ఎవరూ సంకల్పం చెప్పలేదు. అర్చక వర్గం ఈ మాటను తలవంచుకొని ఒప్పుకొనవలసినదే.

శాలివాహన శకం 1873, ఖర నామ సంవత్సరం. ఆ ఉగాది 1951 ఏప్రిల్ 7వ తేదీన వచ్చింది. నల్లగొండ జిల్లా అప్పటికి అయిదేండ్లుగా అగ్నిలో ఉన్నది. 1946లో ప్రజ్వరిల్లిన సాయుధ పోరాటంలో కొన్ని గ్రామాలలో భూములు పంచబడినవి. రజాకార్ల హింస, ఆపై సైన్యం రాక, ఇరువైపుల హత్యలు. పగలు పోలీసులకు, రాత్రి దళాలకు భయపడుతూ ప్రజలు బ్రతికినారు. సరిగా ఆ చైత్రంలోనే హైదరాబాదు సమీపాన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి ఆచార్య వినోబా భావే వార్ధా సమీపపు పవనార్ నుండి, దాదాపు మూడు వందల మైళ్ళు, కాలినడకన వచ్చినాడు. సభ ముగిసిన తరువాత నేరుగా మరలిపోక, అశాంతిమయమైన తెలంగాణ పల్లెల మీదుగా నడచి వెళ్ళదలచినాడు. ఏప్రిల్ 15, శ్రీరామనవమి నాడు యాత్ర మొదలైనది.

ఆయన సంకల్పం అప్పటికి ఎంత? గ్రామాలలో తిరిగి ప్రజల మాట వినుట. అంతే. భూమి అడుగవలెనని ఆయన బయలుదేరలేదు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరినాడు. నేత మగ్గాలకు ప్రసిద్ధి గాంచిన ఆ గ్రామంలో అత్యధికులు భూమి లేనివారే. నాటి వ్యవహారంలో హరిజనవాడ అనబడిన పేటకు వెళ్ళి, అక్కడి నలభై కుటుంబాలవారిని మీకేమి కావలెనని అడిగినాడు. వారు ఎనభై ఎకరాలు అన్నారు. నలభై ఎకరాల తరి, నలభై ఎకరాల ఖుష్కి.

ఈ సమాధానాన్ని మెల్లగా చదువవలె. బీదవారు సాధారణంగా ‘ఏదో ఒకటి ఇప్పించండి’ అంటారని ధనికులు తలుస్తారు. వీరు అట్లు అనలేదు. తలకు రెండెకరాల లెక్క, అందులో నీటి క్రింద సగం, మెట్ట సగం. తమ ఊరి నేల ఏ రకమో, ఒక కుటుంబం ఎంత దున్నగలదో, వానలు తప్పిన ఏట ఏది ఆదుకొంటుందో, అంతా ఆ ఒక్క సంఖ్యలో ఉన్నది. దేశం, కర్త, ద్రవ్యం, పరిమాణం, యథాశక్తి. దర్భ పట్టనివారు చెప్పిన ఆ సంకల్పంలో ఏ అంగమూ లోపించలేదు.

వినోబా మొదట ప్రభుత్వానికి అర్జీ పెట్టించుదునన్నాడు. అయితే ప్రభుత్వం కదిలేనాటికి ఎన్ని ఉగాదులు గడుస్తవో ఆయనకు తెలియనిది కాదు. గ్రామస్థులు కూడిన సభలో, ఈ ఊరివారే వీరికి ఏమైన చేయగలరా అని అడిగినాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి, తన భూమిలో నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. కొంత భూమిని అర్హులకు ఇవ్వవలెనని కీర్తిశేషుడైన తన తండ్రికి ఉండిన కోరికను ఆయన ప్రస్తావించినాడు. నెరవేరక మిగిలిన పితృసంకల్పం ఒకటి ఆ ఇంట నిద్రించుచున్నది, అడిగినవాడు రాగానే మేల్కొన్నది. ఫలం గ్రహీతలది, పుణ్యం పితరునిది, క్రియ మాత్రమే పుత్రునిది. వ్యాకరణం దీనిని పరస్మైపదమంటుంది. గోన బుద్ధారెడ్డి తండ్రి పేర కావ్యమిచ్చినట్లే ఈయన తండ్రి పేర నేల ఇచ్చినాడు. ధారాజలం లేదు. సభయే సాక్షి.

ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదని ప్రసిద్ధం. గణితం ఆయనకు ప్రియమైన శాస్త్రం. ఒక గ్రామంలో జరిగినది దేశమంతట ఎందుకు జరుగరాదు? దేశంలోని సాగుభూమిలో ఆరవ వంతు, అనగా అయిదు కోట్ల ఎకరాలు లభిస్తే భూమి లేనివారందరికి సరిపోవునని ఆయన లెక్క తేలింది. అయిదుగురు కుమారులుంటే నన్ను ఆరవవానిగా భావించి నా పాలు ఇమ్మని ఇంటింట అడుగసాగినాడు. దానమంటే భిక్ష కాదు, సమ్యగ్విభజనం అన్న శంకర భగవత్పాదుల నిర్వచనాన్ని ప్రతి సభలో వివరించినాడు. బలిని యాచించిన వామనునితో తన్ను పోల్చుకొన్నాడు. తెలంగాణలో యాభై ఒక్క రోజుల నడకలో రెండు వందల గ్రామాల నుండి 12,201 ఎకరాలు వచ్చినవి. ఆ యాత్ర ఉత్తర భారతానికి విస్తరించింది. 1952లో సేవాపురి సమ్మేళనం రెండేండ్లలో ఇరువది అయిదు లక్షల ఎకరాల లక్ష్యాన్ని స్వీకరించింది. అది నెరవేరింది. అయిదు కోట్లకు 1957ను గడువుగా పెట్టుకొన్నారు. అది నెరవేరలేదు. నలభై లక్షల పైచిలుకు ఎకరాల వద్ద దానప్రవాహం మందగించింది. వచ్చిన భూమిలో రాళ్ళ గుట్టలు, వ్యాజ్యాలలో ఉన్నవి, కాగితం మీద మాత్రమే ఉన్నవి ఎన్నో. గణనీయ భాగం పంపిణీకే నోచుకోలేదు. తెలంగాణలో కొన్ని భూదాన భూములపై వివాదాలు నేటికి న్యాయస్థానాలలో నలుగుతున్నవి. భూమి కొరకు పోరాడినవారి దృష్టిలో ఈ ఉద్యమం పోరాటాన్ని చల్లార్చడానికి ఉపకరించినది మాత్రమే. ఆ పోరాటం అదే సంవత్సరం అక్టోబరులో విరమింపబడింది. ఆ విమర్శను తోసివేయుట న్యాయం కాదు. దాతల హృదయం కరగకముందు వారిని భయం కదిలించి ఉండవచ్చు. భయంతో ఇచ్చినది సైతం దానమే అని తైత్తిరీయ శిక్షావల్లి అంగీకరించింది.

భూదానం విఫలమైనదా? సంఖ్యను బట్టి చూస్తే విఫలమే. సనత్కుమారుని క్రమంలో చూస్తే మాత్రం కారణం దొరుకుతుంది. పోచంపల్లిలో సంకల్పం చిత్తానికి లోబడి ఉన్నది. అడిగినవారు, ఇచ్చినవాడు, నేల, ఊరు, అన్నీ కంటికి కనిపించేవి. అయిదు కోట్లు అన్నప్పుడు దేశోచ్చారణ పోయింది, గోత్రనామాలు పోయినవి, కొలత మాత్రం మిగిలింది. ఎవరి పేరూ లేని భూమిని ఎవరి పేరూ లేనివారికి ఇచ్చుట కష్టం. అయినను వినోబా ఆ గడువు గడచిన పిమ్మట నడక మానలేదు. 1964లో పవనార్ తిరిగి చేరువరకు దేశాన్ని కాలితో కొలుస్తూనే ఉన్నాడు. ఫలం రాలేదని కర్మను విడువని ఆ పట్టుదలను గీతను జైలులో తోటి ఖైదీలకు వివరించినవాని నుండి ఆశించవలసినదే. 1932లో ధూలియా కారాగారంలో చేసిన ఆ ప్రవచనాలు తెలుగులోకి కూడ వచ్చినవి.

పోచంపల్లి పేరుకు ముందు భూదాన్ అనే మాట చేరి స్థిరపడింది. ఆ నాటి సభ కథను చెప్పేవారు దాత లేచి నిలుచున్న ఘట్టంతో ముగిస్తారు. తరువాత జరిగినది మరొకటి ఉన్నది. నూరు ఎకరాలు ఇస్తానన్న మాట విన్న తరువాత ఆ నలభై కుటుంబాలవారు తమలో తాము మాట్లాడుకొన్నారు. తమకు ఎనభై చాలునన్నారు.